పాత ఆకుపచ్చ బీరువా: రంగు మొత్తం గీకాలా, మీద నుంచే వేసేయొచ్చా?

విజయనగరం కోడలు

అందరికీ నమస్కారం. నరసన్నపేట దగ్గర మా అత్తవారి పాత ఇల్లు ఖాళీ చేస్తూ ఒక చెక్క బీరువా, ఒక పడక కుర్చీ విజయనగరం తెచ్చుకున్నాం. బీరువా ఆరడుగుల ఎత్తు, మూడున్నర వెడల్పు, అడుగున్నర లోతు ఉంటుంది, ఇద్దరు మనుషులు కలిసినా కదలదు. ఎప్పటిదో అత్తయ్యకి కూడా తెలీదు, ఆవిడ కాపరానికి వచ్చేసరికే ఉందట. ఇంట్లో పెళ్ళి జరిగినప్పుడల్లా ఒక పూత వేసేవారేమో, పైన ముదురు ఆకుపచ్చ, పెచ్చులూడిన చోట లేత నీలం, దాని కింద ఇటుక రంగు లాంటిదేదో కనిపిస్తున్నాయి. తలుపుల మీద ఏళ్ళ తరబడి పెట్టిన పసుపు కుంకుమ బొట్ల జిడ్డు సరేసరి.

ఇద్దరు పెయింటర్లని అడిగాను. ఒకాయన రంగంతా గీకి చెక్క తేల్చాల్సిందే అన్నాడు, రెండో ఆయన ఒక రోజులో మీద నుంచే కొట్టేస్తానన్నాడు. ఇద్దరి మాటా విన్నాక మేమే చేసుకుందాం అనిపించింది. ఇంతకుముందు కిటికీ గ్రిల్స్‌కి రంగు వేసిన అనుభవం తప్ప చెక్క పని రాదు. ఆయిల్ పెయింట్ మంచిదా, ఈమధ్య వస్తున్న, నీళ్ళతో కలిపే వాటర్ ఎనామిల్ మంచిదా? లోపల అరలకి కూడా వెయ్యాలా? దసరా వెళ్ళాక వచ్చే మా పైడితల్లమ్మ సిరిమాను పండగకి చుట్టాలొస్తారు, ఆలోపు అయిపోతే బాగుండు. ఇంకోటి, మా బాబు ఇప్పుడిప్పుడే గోడలు పట్టుకుని నడుస్తున్నాడు, ఏది అందితే దాన్ని కొరుకుతున్నాడు. అదొక్కటే నాకు టెన్షన్.

ఆమదాలవలస బ్రష్

అమ్మా, ఏ రంగు వెయ్యాలన్నది తర్వాత, ముందు ఉన్న పూత చెక్కని పట్టుకుని ఉందో లేదో చూడండి. పెచ్చులు లేని చోట కొత్త బ్లేడుతో నిలువుగా ఐదారు గీతలు, అడ్డంగా ఐదారు గీతలు దగ్గర దగ్గరగా, చెక్క తగిలేదాకా గీస్తే చిన్న చిన్న గళ్ళు పడతాయి. దాని మీద మంచి టేపు వేసి వేలితో గట్టిగా రుద్ది ఒక్క ఊపున లాగండి. గళ్ళు ఎక్కడివక్కడ ఉంటే ఆ పూతని పీకక్కర్లేదు, గరుకు చేసి దాని మీదే వేసుకోవచ్చు. టేపుతో పాటు లేచొస్తే మాత్రం దాని మీద మీరు ఎంత ఖరీదైన రంగు వేసినా కింద పూత ఊడినప్పుడు అదీ ఊడుతుంది, అక్కడ గీకాల్సిందే. బీరువా అంతటికీ ఒకే లెక్క ఉండదు, గచ్చు కడిగిన నీళ్ళు తగిలే కాళ్ళ దగ్గర ఒకలా ఉంటుంది, తలుపు మధ్యలో ఒకలా ఉంటుంది, నాలుగైదు చోట్ల చూడండి. మీకు సలహా ఇచ్చిన పెయింటర్లిద్దరూ ఈ పని చెయ్యకుండానే చెప్పేసినట్టున్నారు.

రెండోది జిడ్డు. చాలామంది తేగానే ఎమరీ పేపర్ పట్టుకుంటారు, అప్పుడు బొట్ల నూనె, అగరుబత్తి పొగ, చేతుల జిడ్డు అన్నీ పేపర్‌తో పాటు గీతల్లోకి దిగిపోతాయి. ముందు గోరువెచ్చటి నీళ్ళలో కాస్త వాషింగ్ సోడా గానీ గిన్నెలు తోమే లిక్విడ్ గానీ వేసి గుడ్డతో తుడవండి, నీళ్ళు పొయ్యొద్దు, పిండిన గుడ్డ చాలు. తర్వాత మంచినీళ్ళ గుడ్డతో రెండుసార్లు తుడవండి. బొట్లు పెట్టిన చోట మాత్రం టర్పెంటైన్ తడిపిన గుడ్డతో విడిగా రుద్దండి, సబ్బుకి ఆ నూనె వదలదు. అక్కడ జిడ్డు మిగిలిందంటే కొత్త రంగు ఆ చోట నిలవకుండా విడిపోయి చిన్న చిన్న గుంటలు పడుతుంది, ఎన్ని పూతలు వేసినా అక్కడే మళ్ళీ వస్తుంది.

బందులు, గడియలు, పిడులు అన్నీ విప్పెయ్యండి. స్క్రూ గాడిలో రంగు గడ్డకట్టి ఉంటుంది, మేకు మొనతో గాడి శుభ్రం చేశాక స్క్రూ డ్రైవర్ పెట్టి సుత్తితో రెండు దెబ్బలు కొట్టి తిప్పితే వస్తుంది. ఏ తలుపు స్క్రూలు ఆ తలుపు పేరు రాసిన కవర్లో వేసుకోండి, పాత బందులకి ఒక్కో స్క్రూ ఒక్కో సైజు ఉంటుంది.

గరివిడి కుర్రాడు

ఇంత కష్టం ఎందుకండీ, గ్యాస్ టార్చ్ పెట్టి కాలిస్తే రంగు బుడగలు బుడగలుగా లేస్తుంది, పట్టీతో (పెయింటర్లు వాడే గీకుడు రేకు) గీకితే మొత్తం ఊడొస్తుంది. యూట్యూబ్‌లో బోలెడు వీడియోలు ఉన్నాయి. ఒక్క పూటలో చెక్క తేలిపోతుంది.

డాబా మీద మొక్కలు

గరివిడి తమ్ముడూ, ఆ పని మాత్రం చెప్పకు, అందులోనూ చంటిపిల్లాడు ఉన్న ఇంట్లో. పాత ఆయిల్ పెయింట్లలో సీసం ఉండేది. మన దేశంలో ఇంటి రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల పాళ్ళలో 90 పాళ్ళు) దాటకూడదని 2016లో రూల్స్ తెచ్చారు, అవి అమల్లోకి వచ్చింది 2017 నవంబర్ 1 నుంచి. అంతకు ముందు వేసిన పూత ఏదైనా సీసం ఉన్నట్టే లెక్కేసుకోవాలి. పసుపు, ఎరుపు, నారింజ, ఆకుపచ్చ రంగుల్లో లెడ్ క్రోమేట్ కలిసే అవకాశం మరీ ఎక్కువ. కోడలుగారు చెప్పిన ఆ ఇటుక రంగు పూత రెడ్ ఆక్సైడ్ అయితే అది ఇనుము, గొడవ లేదు, రెడ్ లెడ్ అయితే అచ్చంగా సీసమే. కంటితో చూసి ఏదో చెప్పలేం.

మంట పెడితే ఆ సీసం పొగలో కలిసి మన ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పొడి పేపర్‌తో రుద్దితే సన్నటి దుమ్మై గచ్చు మీద, దుప్పట్ల మీద కూర్చుంటుంది. పాకే పిల్లలు అరచేతులు నేల మీద ఆన్చి అవే నోట్లో పెట్టుకుంటారు కదా. పెద్దవాళ్ళ కంటే చిన్నపిల్లల ఒంట్లోకి సీసం చాలా ఎక్కువగా ఇంకుతుంది, ఎదిగే మెదడు మీద పని చేస్తుంది, పైకి ఏమీ తెలీదు కూడా. ఇంట్లో గర్భిణులుంటే వాళ్ళూ ఆ దరిదాపులకి రాకూడదు.

అలాగని భయపడి బీరువా పారెయ్యక్కర్లేదు. గట్టిగా ఉన్న పూత కదపకుండా ఉంటే, దాని మీద కొత్త రంగు కప్పి ఉంటే ఇబ్బంది లేదు. అందుకే బ్రష్ గారు చెప్పిన టేపు పరీక్షలో నిలిచిన చోట గీకకపోవడమే మీకు మేలు. రుద్దే చోట మాత్రం వాటర్ పేపర్ (నీళ్ళతో వాడే ఎమరీ పేపర్) తడిపి రుద్దండి, దుమ్ము లేవదు, బురదలా వస్తుంది, దాన్ని తడిగుడ్డతో తీసి ఆ గుడ్డ కవర్లో కట్టి పారెయ్యండి. డాబా మీదో పెరట్లోనో కింద పాత ఫ్లెక్సీ పరిచి చెయ్యండి, ఎన్95 మాస్క్ పెట్టుకోండి, కర్చీఫ్ కడితే ఈ దుమ్ము ఆగదు. చీపురుతో ఊడవొద్దు, తడిగుడ్డే. ఆ బట్టలు విడిగా ఉతికి, స్నానం చేశాకే బాబుని ఎత్తుకోండి. బాబుని ఆ రోజుల్లో అమ్మమ్మగారింటికి పంపేస్తే ఇంకా నయం, వాడికీ సరదా, మీకూ పని తెములుతుంది.

బొబ్బిలి ఉలి

రంగు వేసే ముందు ఏం చెక్కో చూశారా అండీ? మంచి టేకు మీద రంగు కొట్టేవాళ్ళని చూస్తే నాకు కడుపు మండుతుంది. లోపల అర కింది వైపు, ఎవరికీ కనపడని చోట గోరంత గీకి చూడండి. టేకైతే గోధుమ రంగులో చారలుండి, పట్టుకుంటే నూనె పూసినట్టు ఉంటుంది, గీకినప్పుడు ఒక రకం వాసన వస్తుంది. పసుపు పచ్చగా కనిపిస్తే పనస. మా బొబ్బిలి వీణలు చేసేది ఆ చెక్కతోనే. కొత్తగా కోసినప్పుడు పసుపు, ఏళ్ళు గడిచేకొద్దీ ముదిరి గోధుమ రంగుకి తిరుగుతుంది. పనస, టేకు అయితే నా ఓటు రంగు తీసేసి పాలిష్ పెట్టమనే.

ఇంకో మాట, ఎవరైనా కాస్టిక్ సోడా నీళ్ళు పోసి రంగు ఊడగొట్టమంటారు, వినకండి. రంగు ఊడుతుంది నిజమే, టేకు లాంటి చెక్క నల్లబడిపోతుంది, జాయింట్ల జిగురు వదిలేస్తుంది, చేతులు కాలతాయి. ఆ సోడా చెక్కలో మిగిలితే పైన వేసిన పూత కూడా నిలవదు.

కాళ్ళు, అరల అంచులు వేలితో కొట్టి చూడండి. సన్నటి కన్నాలుండి, కొట్టగానే గోధుమపిండి లాంటి పొడి రాలితే లోపల పురుగు బతికే ఉండొచ్చు. ముందు ఇంజెక్షన్ సూదితో ఆ కన్నాల్లో పురుగు మందు ఎక్కించి, ఆరబెట్టి, ఆ తర్వాతే లప్పం. పురుగుని లోపల పెట్టి పైన రంగు వేస్తే అది దాని పని అది చేసుకుంటూ పోతుంది. కదులుతున్న జాయింట్లకి ఫెవికాల్ పెట్టి బిగించడం కూడా ఇప్పుడే చెయ్యాలి.

విజయనగరం కోడలు

అందరికీ చాలా థ్యాంక్స్ అండీ. టేపు పరీక్ష చేశాం. తలుపులు, పక్క చెక్కలు గట్టిగానే ఉన్నాయి, టేపుకి ఏమీ అంటలేదు. కింద జానెడు మేర మాత్రం పొలుసుల్లా మొత్తం లేచొచ్చింది, కాళ్ళూ అంతే. కింద అర అడుగున గీకి చూస్తే పసుపు రంగే వచ్చింది, అంటే పనస అనుకుంటా. పురుగు కన్నాలు వెనక ఒక కాలికి ఉన్నాయి గానీ పొడి రాలడం లేదు.

బొబ్బిలి గారూ, పాలిష్ ఆలోచన నాకూ నచ్చింది గానీ డాబా మీద మొక్కలు గారు చెప్పింది చదివాక అంత రంగు గీకే ధైర్యం లేదు. పైగా తలుపులు నగిషీ పని, ఆ సందుల్లో రంగు ఎలా వస్తుంది? తెల్ల రంగు వేద్దామని మావారు అంటున్నారు, లేత బూడిద రంగు వేద్దామని నేను. అత్తయ్య మాత్రం ఏ రంగైనా వేసుకోండి, బీరువా మాత్రం అమ్మొద్దు అన్నారు. చాక్ పెయింట్ అని ఒకటి చూశాను, దానికి రుద్దక్కర్లేదు, ప్రైమర్ (రంగు కింద వేసే అడుగు పూత) అక్కర్లేదు అంటున్నారు, నిజమేనా?

ఆమదాలవలస బ్రష్

మీ బీరువాకి చాక్ పెయింట్ వద్దమ్మా. అది మ్యాట్‌గా, సుద్దలా ఉండే రంగు, చేతి మరక పీల్చుకుంటుంది, పైన మైనమో వార్నిషో పెడితే తప్ప నిలవదు. నిగనిగలాడే పాత ఎనామిల్ మీద రుద్దకుండా వేస్తే ఏ రంగైనా గోరుతో లేచొస్తుంది, డబ్బా మీద ఏం రాసినా సరే. వీడియోలో తీసింది వేసిన రోజు ఫొటో, మూడేళ్ళ తర్వాతది కాదు.

మీరు చెప్పినదాన్ని బట్టి తలుపులు, పక్కలు 220 నంబర్ వాటర్ పేపర్ తడిపి మెరుపు పోయేదాకా రుద్దితే చాలు. వెలుతురుకి అడ్డంగా చూస్తే ఎక్కడా తళుక్కుమనకూడదు. నగిషీ సందుల్లోకి పేపర్ దూరదు, గిన్నెలు తోమే స్కాచ్‌బ్రైట్ ముక్క తడిపి వేలితో నొక్కి రుద్దండి. కింద జానెడు మేరకి పెయింట్ రిమూవర్ వాడండి, చేతులకి గ్లోవ్స్ వేసుకుని, ఆరుబయట మాత్రమే. కొన్ని రిమూవర్లలో ఉండే కెమికల్ ఆవిరి గదిలో కిందకి దిగి పేరుకుంటుంది, తలుపులేసిన గదిలో మనిషి పడిపోతాడు. రంగు మెత్తబడ్డాక పట్టీతో తడిగా ఉన్నప్పుడే తీసెయ్యండి, అప్పుడు దుమ్మే ఉండదు.

చెక్క తేలిన చోట, పాత రంగు ఉన్న చోట మధ్య మెట్టులా వస్తుంది. దాన్ని తడి పేపర్‌తో పల్చబరచండి, పూర్తిగా పోకపోతే ప్రైమర్ వేశాక లప్పం పెట్టి సమం చెయ్యండి. గోడల పుట్టీ చెక్కకి వాడొద్దు, అది సిమెంటు, చెక్క ఎండకీ వానకీ సాగి ముడుచుకుంటుంది కాబట్టి అది బీటలిస్తుంది. మా వాళ్ళు చాక్ పౌడరు, అలిసి నూనె (అవిసె గింజల నూనె), కాస్త ఆయిల్ పెయింట్ కలిపి లప్పం చేసేవారు, ఇప్పుడు వుడ్ పుట్టీ డబ్బాలో దొరుకుతోంది, అదే తెచ్చుకోండి. వరస గుర్తు పెట్టుకోండి: ముందు ప్రైమర్, తర్వాత లప్పం, తర్వాత లప్పం మీద మళ్ళీ ప్రైమర్. పచ్చి చెక్క మీద నేరుగా లప్పం పెడితే దాని నూనె మొత్తం చెక్క తాగేసి లప్పం పొడిపొడిగా రాలిపోతుంది.

బొబ్బిలి ఉలి

సరే, నగిషీ ఉందంటున్నారు, చంటివాడున్నాడు, రంగే వేసుకోండి, ఒప్పుకున్నాను. కానీ పనస అన్నారు కాబట్టి ఒక జాగ్రత్త. తేలిన చెక్క మీద నేరుగా లేత రంగు వాటర్ పెయింట్ వేస్తే లోపలి పసుపు నీళ్ళతో పాటు పైకి ఊరి మరకలు పడతాయి, మీద ఎన్ని పూతలు వేసినా మళ్ళీ తేలుతుంది. ఆ జానెడు మేరకి ముందు లక్క పాలిష్ ఒక పూత పట్టించండి, స్పిరిట్‌లో లక్క కరిగించి చేసేది, అది మరకని లోపలే ఆపేస్తుంది. దాని మీద ప్రైమర్ వేసుకోవచ్చు.

పడక కుర్చీ మాత్రం నాకు వదిలెయ్యండి. చేతులు ఆనే చోట రంగు ఎప్పుడూ నిలవదు, చెమట, తలనూనె తగిలి మెత్తబడి జిగురుగా తయారవుతుంది. మీ పాత కుర్చీ చేతులు తడిమి చూడండి, అంటుకుంటున్నట్టు ఉంటుంది. దాని వరకు రిమూవర్‌తో రంగు తీసి అలిసి నూనె పల్చగా రుద్దుకోండి, పీల్చినంత పీల్చాక మిగిలింది తుడిచెయ్యండి. ఆ నూనె గుడ్డలు మాత్రం ఉండచుట్టి మూల పడెయ్యొద్దు, వాటంతట అవే వేడెక్కి అంటుకుంటాయి. నీళ్ళలో ముంచి, విప్పి ఆరేసి, అప్పుడు పారెయ్యండి.

పలాస జీడితోట

అందరూ ఎలా వెయ్యాలో చెప్పారు, ఎప్పుడు వెయ్యాలో ఎవరూ చెప్పలేదు. సిరిమాను లోపు అంటే ఇంకా వానలే కదండీ. మన వైపు అక్టోబర్ అంటే తుఫానుల నెల, 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ రెండూ అక్టోబర్‌లోనే వచ్చాయి. గాలిలో తేమ ఎక్కువున్నప్పుడు ఆయిల్ పెయింట్ రోజుల తరబడి జిడ్డుగానే ఉంటుంది, మెరుపు చచ్చిపోతుంది. తడి చెక్క మీద వేస్తే ఇంకా ఘోరం, తిత్లీ నీళ్ళలో నానిన మంచాలకి మా ఊళ్ళో చాలామంది పండగ పేరు చెప్పి తొందరపడి రంగులేయించారు, వేసవి వచ్చేసరికి లోపలి తేమ ఆవిరై బుడగలు పొంగాయి. గచ్చు నీళ్ళు పీల్చిన మీ బీరువా కాళ్ళది కూడా అదే కథ కావొచ్చు. కాళ్ళ కింద ఇటుకలు పెట్టి, రంగు తీసి, గాలి ఆడే నీడలో కొన్ని వారాలు ఉంచండి. ఎండలో పెడితే నెర్రెలిస్తుంది.

సంక్రాంతి తర్వాత నుంచి మార్చి దాకా మనకి మంచి కాలం. అప్పుడు కూడా పొద్దున్న మంచు ఆరిపోయాక, తొమ్మిదీ పదింటికి మొదలుపెట్టి మధ్యాహ్నానికి ముగించండి. సాయంత్రం వేస్తే రాత్రి మంచు పచ్చి రంగు మీద కురిసి పొద్దున్నకి పొగ పట్టినట్టు మసకబారుతుంది. నేరుగా ఎండలో కూడా వెయ్యొద్దు, పైపొర ముందు ఆరిపోయి లోపల పచ్చిగా ఉండిపోతుంది. చుట్టాలకి ఈసారి ఆకుపచ్చ బీరువానే చూపించండి, ఏం పోయింది.

విజయనగరం కోడలు

నిజమే, పండగ తొందర మానేశాం. సంక్రాంతి అయ్యాక బాబుని మా అమ్మ దగ్గరికి పంపి మొదలుపెడతాం. ఆయిలా వాటరా అన్నది, లోపల అరల సంగతి, ఎంత రంగు కొనాలో ఎవరైనా తేల్చి చెబితే చాలు.

ఆమదాలవలస బ్రష్

నేను ఆయిల్ మీద పెరిగినవాణ్ణే గానీ మీ ఇంటికి వాటర్ ఎనామిలే చెబుతాను. వాసన తక్కువ, పూతకీ పూతకీ మధ్య నాలుగు గంటలు చాలు, ఆయిల్‌కైతే రాత్రంతా ఆగాలి. పైగా తెలుపు గానీ లేత బూడిద గానీ ఆయిల్‌లో వేస్తే వెలుతురు తగలని చోట పసుపు తిరుగుతుంది, గోడకి ఆనించిన వైపు, తలుపు లోపలి వైపు ముందు తిరుగుతాయి. వాటర్‌లో ఆ బాధ లేదు. దాని లోపం ఒకటుంది, పైకి గంటలో ఆరినట్టే కనిపిస్తుంది గానీ పూర్తిగా గట్టిపడటానికి రెండు మూడు వారాలు పడుతుంది. ఈలోపు తలుపు మూసి గడియ పెడితే తలుపు అంచు ఫ్రేముకి అతుక్కుని, తెరిచినప్పుడు పూత ఊడొస్తుంది. అన్నాళ్ళూ తలుపులు తెరిచే ఉంచండి, తప్పనిసరైతే మధ్యలో ప్లాస్టిక్ కాగితం పెట్టండి. ప్రైమర్ మాత్రం పాత ఆయిల్ పూతని పట్టుకునేది కావాలి, షాపులో పాత ఎనామిల్ మీద వాటర్ వేస్తున్నామని చెప్పి అడగండి.

ఒకవేళ మనసు మారి ఆయిల్ వేస్తే కలపడానికి టర్పెంటైన్ మాత్రమే వాడండి. ఎన్‌సీ థిన్నర్ (లాకర్ రంగులకి వాడే ఘాటైన థిన్నర్) కలిపితే రంగు విరుగుతుంది, కింద పూత ముడతలు పడి లేచిపోతుంది. షాపులో ఉత్తినే థిన్నర్ అని అడిగితే ఒక్కోసారి అదే చేతిలో పెడతారు.

లోపల అరలకి పాత రంగు లేకపోతే ఏమీ వెయ్యకండి, బట్టలకి వాసన పడుతుంది. రంగు ఉండి రాలుతుంటే మాత్రం బయట చేసినట్టే చెయ్యాలి.

లెక్క చూస్తే ముందు భాగం 21 చదరపు అడుగులు, రెండు పక్కలు కలిపి 18, పైన ఐదు, మొత్తం 44 చిల్లర. లీటరు రంగు ఒక పూతకి సుమారు వంద చదరపు అడుగులు వస్తుంది కాబట్టి రెండు పూతలకి లీటరు డబ్బా సరిపోతుంది, నగిషీ కొంచెం ఎక్కువ తాగుతుంది, అయినా సరిపోతుంది. ప్రైమర్ అర లీటరు చాలు. డబ్బా తెరిచాక పాత నైలాన్ గుడ్డలో వడకట్టుకోండి. బ్రష్‌ని మూడో వంతు మాత్రమే ముంచండి, నగిషీలో ముందు వేసి, ఆ తర్వాత చదునుగా ఉన్న చోట పొడుగ్గా చెక్క గీత వెంటే లాగండి, ఒకసారి లాగాక మళ్ళీ మళ్ళీ వెనక్కి వెళ్ళి దిద్దొద్దు. మొదటి పూత ఆరాక 320 వాటర్ పేపర్‌తో తేలిగ్గా రుద్ది, తుడిచి, రెండోది.

డాబా మీద మొక్కలు

బాబు తిరిగొచ్చాక కూడా ఆ బీరువా అంచులు కొరక్కుండా చూసుకోండి, కొత్త రంగు కింద పాతది ఉంది కదా. పళ్ళకి అందే ఎత్తులో ఎప్పుడైనా పెచ్చు లేస్తే వెంటనే దాన్ని తడి పేపర్‌తో రుద్ది ప్రైమర్, రంగు దిద్దేసుకోవాలి. అందుకోసం మిగిలిన రంగు చిన్న సీసాలో నిండుగా పోసి బిగించి దాచండి, సగం ఖాళీ డబ్బాలో ఉంచితే గడ్డకడుతుంది. సీసా మీద షేడ్ నంబర్ రాసుకోవడం మర్చిపోకండి.